తినదగిన బంతి పుట్టగొడుగులు: ఏరుట, పరీక్షించుట, వండుట

తొలకరి వానలు రెండు మూడు కురిసి నేల బాగుగా తడిసిన పిమ్మట పుట్టలమీదను, గట్లమీదను, పసరిక బీళ్ళలోను, అడవులలోను పుట్టగొడుగులు తలలెత్తును. దున్నక, విత్తక, నీరు పెట్టక లభించు ఈ ఆహారము మన పల్లె ప్రజలకు కొత్తది కాదు. పాదులకు పెట్టిన కూరగాయ లింకను కాపునకు రాని ఆ రోజులలో ఒక గంపెడు పుట్టగొడుగులు దొరికినచో ఇంటిల్లిపాదికి ఒక పూట కూర గడచును. అడవి నానుకొనిన గ్రామములలో సంతకు తీసికొని పోయిన వారికి నాలుగు డబ్బులు కూడ చేతికి వచ్చును.

అయితే తెలియక ఏరిన పుట్టగొడుగు ప్రాణము తీయును. 2022 ఏప్రిల్ నెలలో అస్సాము రాష్ట్రపు ఎగువ జిల్లాలలో అడవి పుట్టగొడుగులు వండుకొని తిని 13 మంది మరణించిరి. వారిలో పలువురు తేయాకు తోటల కూలీ కుటుంబములవారు. వీరు పుట్టగొడుగు లెరుగనివారు కారు. ఎరిగినదానినే ఏరితిమని నమ్మి, దానివలెనే కనిపించు మరొకదానిని ఇంటికి తెచ్చినచో ఇట్టి ప్రమాదము ఎవరికైనను కలుగవచ్చును. కనుక ఏది తినవచ్చును, ఏది తినరాదు, రెంటికిని భేద మెట్లు తెలిసికొనవలెను అను సంగతులను ప్రతి రైతు కుటుంబము, ప్రతి గ్రామాధికారి తెలిసికొనియుండుట అవసరము. ఈ పాఠములో బంతివలె గుండ్రముగా నుండు పుట్టగొడుగులను గూర్చి మాత్రమే వివరించుచున్నాము.

బంతి పుట్టగొడుగు అనగా నేమి?

సాధారణముగా పుట్టగొడుగు అనగానే కాడ, దానిపై గొడుగు, గొడుగు క్రింద పుస్తకపు పుటలవలె సన్నని రేకులు మన కండ్ల యెదుట నిలుచును. ఆ రేకులనుండియే విత్తనము వంటి సన్నని పొడి రాలును. దీనిని బీజరేణువు లందురు. బంతి పుట్టగొడుగునకు గొడుగు లేదు, రేకులు లేవు. బీజరేణువులన్నియు బంతి లోపలనే తయారగును. లేతగా నున్నప్పుడు లోపలి కండ తెల్లగా, గట్టిగా, జున్నుముక్కవలె నుండును. ముదిరిన కొలదియు అది పసుపుపచ్చగా, పిదప ముదురు గోధుమరంగుగా మారి, తుదకు ఎండి పొడి యగును. అప్పుడు బంతి నెత్తిన చిన్న రంధ్రము పడును, లేదా పై తోలు పగిలిపోవును. వానచినుకు పడినను, పశువు కాలు తగిలినను పొగవలె రేణువులు పైకి లేచును. ఇంగ్లీషులో దీనిని పఫ్‌బాల్ అనుటకు కారణ మిదియే.

ఐరోపాలోను, ఉత్తర అమెరికాలోను పెరుగు రాక్షస బంతి పుట్టగొడుగు మనిషి తలకంటె పెద్దదిగా కూడ పెరుగును. అట్టి దానిలో ఒక్కదానియందే ఏడు లక్షల కోట్ల బీజరేణువు లుండునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. అందులో ఏ ఒకటి రెండో తప్ప తక్కినవి మొలకెత్తవు. తగిన నేల, తేమ, ఆహారము ఒక్కచోట కుదురుట అంత అరుదు.

మన దేశములో దొరకు రకములు

పసరిక బీళ్ళలోను, తోటలలోను వానాకాలమున గోలికాయ మొదలు నిమ్మకాయ పరిమాణము వరకు నుండు చిన్న బంతి పుట్టగొడుగులు కనబడును. కొన్నింటి పైతోలు నునుపుగా నుండును. కొన్నింటిమీద చేతితో రుద్దిన రాలిపోవు చిన్న ముండ్లవంటి పొక్కు లుండును. వీటి తోలు పలుచన. గ్రుడ్డు పెంకు వలిచినట్లు వలువవచ్చును.

వీటికంటె ఎక్కువ పేరుగలది సాలవనములలో దొరకు మరియొక రకము. సాలవృక్షమును మనము గుగ్గిలపు చెట్టని కూడ అందుము. ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ రాష్ట్రములు రెండును దీనిని తమ రాష్ట్ర వృక్షముగా స్వీకరించినవి. బస్తరు ప్రాంతమున ఈ పుట్టగొడుగును బోడా యనియు, జార్ఖండులో రుగ్డా యనియు పిలుతురు. తెలంగాణలోని భద్రాచలము, ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు ప్రాంతములకు బస్తరు పొరుగు సీమయే గనుక ఈ పేరు మన సరిహద్దు గ్రామములవారు వినియుందురు. ఇది రేగుపండంత నుండి చిన్న నిమ్మకాయంత వరకు నుండి, భూమిలో సగము పూడియో, పూర్తిగా పూడియో యుండును. ముదిరిన పిమ్మట దీని బయటి మందపు తోలు చీలి నక్షత్రమువలె విచ్చుకొనును. గాలిలో తేమ యున్నప్పుడు ఆ రేకులు విప్పారి, ఎండ కాసినప్పుడు ముడుచుకొనును. శాస్త్ర వర్గీకరణలో ఇది అసలు బంతి పుట్టగొడుగుల కుటుంబమునకు చెందినది కాకపోయినను, లేతదశలో తినదగిన బంతిగా దీనిని వాటితోడనే చెప్పుకొనుట వాడుక.

జూన్, జూలై నెలలలో బోడా సంతలకు వచ్చును. తొలి వారములలో కోడిమాంసము కంటె ఎక్కువ ధర పలుకుట కూడ కలదు. జార్ఖండులో శ్రావణమాసమున మాంసము మానివేయు కుటుంబములు రుగ్డా కూరను మాంసమునకు బదులుగా ఇష్టపడి తినుదురు.

చెట్టుతో చెలిమి

బోడాను మన పొలములో గాని, గుడిసెలో గడ్డిపై గాని పెంచలేము. దీని దారములు సాలవృక్షపు సన్నని వేళ్ళను తొడుగువలె చుట్టుకొని జీవించును. ఆ దారములు వేరు చేరలేని మట్టి సందులలోనికి పోయి నీటిని, భాస్వరమును చెట్టునకు చేర్చును. దానికి ప్రతిఫలముగా చెట్టు తన ఆకులలో తయారైన చక్కెరలో కొంత పాలు దీనికి ఇచ్చును. చెట్టు పోయినచో బోడా లేదు. బోడా యున్న వనములో లేత మొక్కలకు పోషణ బాగుండును. సాలవనమును నరికివేసిన గ్రామము కలపతో పాటు ఏటేట వచ్చు ఈ ఆదాయమును కూడ పోగొట్టుకొనును.

ఇప్పపూవు ఏరుటకు వీలుగా వేసవిలో చెట్లక్రింది ఆకులకు నిప్పు పెట్టుట కొన్ని చోట్ల అలవాటు. ఆ నిప్పు అడవి లోనికి ప్రాకి మొలకలను, నేలపై తేమను నిలుపు ఆకు పొరను కాల్చివేయును. ఆకులను చీపురుతో ఊడ్చి ప్రక్కకు పోగుచేసినచో ఇప్పపూవు దొరకును, అడవియు నిలుచును.

ఏరునపుడు పాటించవలసినవి

1. ఉదయముననే బయలుదేరవలెను. ఎండ ముదిరిన కొలది పుట్టగొడుగు త్వరగా ముదురును. కోసిన పిమ్మట కూడ బంతి పుట్టగొడుగు లోలోపల ముదురుచునే యుండును.

2. వెదురు గంపలో గాని, తట్టలో గాని వేయవలెను. ప్లాస్టిక్ సంచిలో వేసిన చెమ్మగిల్లి గంటలలో కుళ్ళును.

3. రకమునకొక గంప యుండవలెను. గొడుగు పుట్టగొడుగులను, బంతి పుట్టగొడుగులను కలుపరాదు. ఒక విషపు ముక్క విరిగి మంచివానిలో కలిసిన పిమ్మట వేరు చేయుట అసాధ్యము.

4. పురుగుమందు చల్లిన చేల గట్లమీదను, పెద్ద రోడ్ల ప్రక్కను, కర్మాగారముల వ్యర్థములు పారబోసిన చోటను మొలచినవానిని తాకరాదు. పుట్టగొడుగులు నేలలోని సీసము, కాడ్మియము, పాదరసము వంటి హానికర లోహములను తమలోనికి పీల్చుకొనును. అవి ఉడికించినను పోవు.

5. నేల చిన్నగా పగిలి ఉబ్బిన చోట పుల్లతో పైపైన గీరి బోడాను తీయవలెను. పారతో త్రవ్వినచో వేళ్ళు, దారములు తెగి మరుసటి ఏడు ఆ చోట పంట తగ్గును. తీసిన మట్టిని తిరిగి కప్పి ఆకులు పరచవలెను.

6. ముదిరినవానిని కదల్చక వదలవలెను. అవి తినుటకు పనికిరావు, విత్తనమునకు పనికివచ్చును. లేతవానిలో కూడ నాలుగింట నొకటి వదలుట మంచి వాడుక.

7. ఎండిన బంతులతో పిల్లలను ఆడనీయరాదు. 1994లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున ఎనిమిది మంది యువకులు వీటి పొడిని పీల్చి ఊపిరితిత్తుల జబ్బుపాలైరి. వారిలో ఐదుగురిని ఆసుపత్రిలో చేర్చవలసివచ్చెను.

కోసి చూచు పరీక్ష

ఈ పాఠమంతటిలోను మరువరాని భాగ మిది. తెచ్చిన ప్రతి బంతిని, నెత్తినుండి అడుగువరకు, సరిగా నడిమికి నిలువుగా కోసి చూడవలెను. పదింటిలో ఒకటి కోసి తక్కినవి బాగున్నవనుకొనరాదు. అడ్డముగా కోసినను లోపలి ఆకారము తెలియదు. కోసిన రెండు చెక్కలను వెలుతురులో పట్టి ఈ క్రింది విధముగా తేల్చుకొనవలెను.

లోపల అంతటను ఒకే తెలుపు. గీత లేదు, మచ్చ లేదు, అర లేదు. నొక్కిన గట్టిగా నున్నది: ఇట్టిదే తినదగినది. చిన్న రకములలో కొన్నింటికి అడుగుభాగము కొంచెము బెజ్జములు బెజ్జములుగా నుండవచ్చును. ఆ భాగమును తీసివేయవలెను.

లోపల పసుపు, ఆకుపచ్చ, గోధుమ చాయలు పొడసూపినవి: ఇది ముదురుటకు మొదలిడినది. చేదుగా నుండి కడుపు చెడును. పారవేయవలెను.

లోపల చిన్న గొడుగు, కాడ, రేకుల ఆకారము గీసినట్లు కనబడుచున్నది: ఇది బంతి పుట్టగొడుగు కాదు. ఇంకను విచ్చుకొనని గొడుగు పుట్టగొడుగు. ప్రాణాంతకమైన అమనిటా జాతి పుట్టగొడుగులు మొదట గ్రుడ్డువలె తెల్లని పొరలో మూసుకొనియే నేలనుండి పైకి వచ్చును. పైకి చూచిన బంతికిని దీనికిని తేడా తెలియదు, కోసిననే తెలియును. ఈ జాతి కూడ చెట్ల వేళ్ళతో చెలిమి చేయునదే గనుక బోడా పెరుగు వనములోనే, దాని ప్రక్కనే మొలవగలదు. వరిగడ్డిపై మనము పెంచు పుట్టగొడుగు మొగ్గలో కూడ గొడుగు ఆకారముండును గదా యని కొందరు అడుగవచ్చును. నిజమే. అది మనము తెచ్చిన విత్తనముతో మన కండ్లయెదుట పెరిగినది గనుక తినుచున్నాము. అడవిలో ఏరినదానికి అట్టి పూచీ లేదు. అడవిలో దొరికిన గ్రుడ్డులో గొడుగు కనిపించిన తక్షణమే దానిని పారవేసి, చేతులను, కత్తిని కడుగుకొనవలెను.

పై పొరక్రింద జిగురువంటి పదార్థ మున్నది: ఇది దుర్వాసనగల మరియొక జాతి మొగ్గ. పారవేయవలెను.

లోపల ఊదా, నలుపు కలిసిన చారికలున్నవి; తోలు మందముగా, తోలుచెప్పువలె గట్టిగా నున్నది: ఇది మట్టిబంతి యనదగిన విషజాతి. తిన్న కొద్ది గంటలలోనే వాంతులు, కడుపునొప్పి కలుగును.

ఈ చివరి రకము విషయమున విశేష జాగ్రత్త అవసరము. బోడాకు కూడ తోలు మందమే. మట్టిబంతి మిక్కిలి లేతగా నున్నప్పుడు లోపల తెల్లగానే కనబడవచ్చును. కనుక పుస్తకము చదివిన మాత్రమున బోడా ఏరుటకు పోరాదు. ఆ వనమునెరిగి, ఏటేట ఏరి తినుచున్న స్త్రీల వెంట ఒకటి రెండు ఋతువులు తిరిగి నేర్చుకొనవలెను. ఒక అడవిలో పొందిన తెలివి మరొక అడవిలో చెల్లదనునది కూడ గుర్తుంచుకొనవలెను. బ్రతుకుతెరువునకై దూరప్రాంతమునకు పోయినవారు తమ ఊరి పుట్టగొడుగే యనుకొని ఏరరాదు.

నమ్మదగని పరీక్షలు

పుట్టగొడుగులతో వెండి నాణెము వేసి ఉడికించిన, విషమున్నచో నాణెము నల్లబడునని కొందరందురు. వెల్లుల్లి రంగు మారునని కొందరు, బియ్యపు గింజలు ఎర్రబడునని మరికొందరు అందురు. ఇవి ఏవియు నిజము కావు. అమనిటా విషము వెండిని గాని, వెల్లుల్లిని గాని మార్చదు. పురుగు తొలిచినది, మేక కొరికినది మనకు మంచిదనుటయు పొరపాటే. వాటికి హాని చేయనిది మనకు చేయవచ్చును. ఉప్పునీట నానవేసినను, ఎండబెట్టినను, ఎంతసేపు ఉడికించినను ఈ విషము విరుగదు. రుచి చూచి తెలిసికొనుటయు సాధ్యము కాదు. తిని బ్రతికినవారిలో కొందరు కూర రుచిగానే యున్నదని చెప్పియుండిరి.

శుభ్రపరచుట

తాజా పుట్టగొడుగులో నూటికి 90 పాళ్ళవరకు నీరే యుండును. పలుచని తోలుగల రకములను నీట నానవేసిన మరింత నీరు పీల్చి కూర జావయగును. వాటి తోలు వలిచి, తడిగుడ్డతో తుడిచిన చాలును. బోడా మట్టిలోనిది గనుక గంపలోవేసి నీటిలో ముంచి చేతులతో రుద్దుచు, నీరు తేటపడువరకు నాలుగైదుసార్లు కడుగవలెను. కడిగిన పిమ్మట ప్రతిదానిని రెండుగా కోసి పై పరీక్ష చేయవలెను. ఏరిననాడే వండుట మేలు.

వండు విధానములు

బోడా కూర: అరకిలో బోడా ముక్కలకు రెండు ఉల్లిపాయలు, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, అంగుళము అల్లపుముక్క, అరచెంచా పసుపు, చెంచా కారము, రెండు చెంచాల ధనియాలపొడి, మూడు చెంచాల నూనె, తగినంత ఉప్పు కావలెను. నూనె కాగిన పిమ్మట తరిగిన ఉల్లిపాయలను ఎర్రగా వేయించి, నూరిన అల్లము వెల్లుల్లి వేసి, పచ్చివాసన పోవువరకు త్రిప్పవలెను. పసుపు, కారము, ధనియాలపొడి వేసి, ముక్కలను కలిపి, ఐదు నిమిషములు వేయించవలెను. తరువాత రెండు గ్లాసుల నీరుపోసి మూతబెట్టి, సన్నని సెగపై అరగంట ఉడుకనీయవలెను. పైతోలు పంటికింద కరకరలాడును, లోపలిభాగము మెత్తగా నుండును. అన్నములోనికి, జొన్నరొట్టెలోనికి బాగుండును.

బంతి వేపుడు: పలుచని తోలుగల పెద్ద రకమును వలిచి అరఅంగుళపు మందమున చెక్కలుగా తరుగవలెను. ఉప్పు, పసుపు, కారము, రెండు చెంచాల బియ్యపుపిండి పట్టించి, పెనముపై నూనెవేసి రెండువైపుల ఎర్రగా కాల్చవలెను. నీరు పోయనక్కరలేదు.

పచ్చిగా తినరాదు. మొదటిసారి తినువారు రెండు మూడు ముక్కలతో ఆపి, ఒక దినము చూచి, ఏ బాధయు లేనిచో మరునాటినుండి తినవలెను. ఇది మంచి పుట్టగొడుగు కూడ కొందరి ఒంటికి సరిపడనందున చేయు జాగ్రత్త మాత్రమే. విషపుదానిని కనిపెట్టు పరీక్ష కాదు. చంటిపిల్లలకు, గర్భిణులకు అడవి పుట్టగొడుగులు పెట్టకుండుట మేలు. వండిన ప్రతిసారి కోయని పచ్చి పుట్టగొడుగులు రెండింటిని ఆకులో చుట్టి విడిగా మరుసటి దినమువరకు దాచవలెను. ఎవరికైనను జబ్బుచేసినచో వైద్యునికి చూపుటకు అవి అక్కరకు వచ్చును.

విషము తగిలిన యెడల

తిన్న రెండు మూడు గంటలలోపల వాంతులైనచో అది బాధాకరమైనను, చాలవరకు తక్కువ విషము. ఆరు గంటలు దాటిన తరువాత మొదలగు వాంతులు, విరేచనములు మిక్కిలి భయంకరము. అమనిటా విషమునకు ఇదియే గుర్తు. సాయంత్రము తిన్నవారికి తెల్లవారుజామున మొదలగుటచే కలరా యనియో, నీరు పడలేదనియో అనుకొందురు. రెండవనాడు బాధ తగ్గినట్లుండును. రోగి లేచి కూర్చుండును. ఇంటివారు గండము గడచెనని ఊరట చెందుదురు. ఆ సమయముననే విషము లోపల కాలేయమును తినివేయుచుండును. మూడు నాలుగు దినములకు కండ్లు పచ్చబడి, స్పృహ తప్పి, ప్రాణము పోవచ్చును. కనుక తగ్గినదని ఇంటికి తీసికొనిపోరాదు.

108కు ఫోను చేసి వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. ఆ కూర తిన్నవారందరు, బాధ లేనివారు కూడ, వెంట పోవలెను. మిగిలిన కూరను, దాచిన పుట్టగొడుగులను, ఏ వేళకు తిన్నదియు, ఏ వేళకు బాధ మొదలైనదియు వ్రాసిన చీటిని తీసికొనిపోవలెను. నాటుమందు, మంత్రముల పేర కాలము గడుపరాదు.

గ్రామాధికారులు చేయదగినది

తొలి వానకు ముందే దండోరా వేయించి పై హెచ్చరికను చాటించవలెను. కోసి చూచు పరీక్షను బడిలో పిల్లలకు బొమ్మగీచి చూపించవలెను. అడవికిపోయి ఏరువారిలో పిల్లలును గలరు. సంతలో అమ్మువారిచేత కొనువాని యెదుట ఐదారింటిని కోసి చూపించు అలవాటు చేయించవలెను. నమ్మకము కుదిరిన సరకునకే ధర కుదురును. కొనినవాడు ఇంటివద్ద ప్రతిదానిని మరల కోసి చూచుట మాత్రము మానరాదు. పొరుగు ప్రాంతమునుండి పనికి వచ్చిన కూలీల గుడిసెలకు స్వయముగా పోయి, వారి భాష తెలిసినవారిచేత ఈ సంగతి చెప్పించవలెను. ఊరి పుట్టగొడుగులు తెలియనివారు వారే గనుక ప్రమాదము మొదట వారికే.

అనుమానమున్న పుట్టగొడుగు ఎంత ముద్దుగా నున్నను, గంపలో అది ఒక్కటే యున్నను, పారవేయుటయే మంచిది. ఒక పూట కూర లేకపోయిన పచ్చడి మెతుకులతో గడుచును.